సిరిపురం సీటా, మధురవాడ సీటా? వైజాగ్‌లో కోవర్కింగ్ తీసుకునే ముందు

మీరు అడిగింది ఒక ప్రశ్నలా ఉంది గానీ అందులో మూడున్నాయి. ఆరేళ్లు హైదరాబాద్‌లో చేసి వైజాగ్ తిరిగొచ్చారు. సీతమ్మధారలో అమ్మావాళ్లింట్లో ఉంటూ ఇద్దరు అమెరికా క్లయింట్లకు యాప్ స్క్రీన్లు డిజైన్ చేస్తున్నారు, ఇంట్లో కాల్స్ మాట్లాడటం కుదరట్లేదు. సిరిపురంలో ఒక కోవర్కింగ్ (సీటు లెక్కన అద్దెకిచ్చే ఉమ్మడి ఆఫీసు), మధురవాడలో ఒకటి చూశారు. మధురవాడది పన్నుతో కలిపి నెలకు 1,500 తక్కువ. సోలార్ ప్యానెళ్లు బిగించే మీ అన్నయ్య కూడా తన ముగ్గురు స్టాఫ్‌తో అక్కడే నాలుగు సీట్ల కేబిన్ తీసుకుందామంటున్నారు. ఆ కోవర్కింగ్ వాళ్లేమో "జీఎస్టీకి అడ్రస్ కూడా ఇస్తాం" అన్నారట.

ముందు జవాబు చెప్పేస్తాను. మీకు సిరిపురం, అదీ మూడు రోజులు డే పాస్ మీద కూర్చుని చూశాకే. మీ అన్నయ్యకు కేబిన్ వద్దు. అడ్రస్ విషయంలో మాత్రం ఇద్దరూ కాస్త ఆగండి, దాని మీదే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నాకు తగిలిన దెబ్బ అక్కడే.

నాది స్టీల్ డీటెయిలింగ్. అమెరికాలో కట్టే భవనాల ఉక్కు దూలాలు, స్తంభాలకు ఫ్యాక్టరీ డ్రాయింగులు గీసే పని. మన ఊళ్లో ఈ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒంటరిగా మొదలుపెట్టి, ఇప్పుడు నలుగురం. తొమ్మిదేళ్లలో నాలుగు కోవర్కింగ్‌లు మారాను, మధ్యలో ఒకసారి సొంత గది, మళ్లీ ఇప్పుడు సొంత గది. ఎవరి దగ్గరా కమీషన్ లేదు కాబట్టి పేర్లు చెప్పను, ఏం చూడాలో చెప్తాను.

దూరం సంగతి తేల్చేద్దాం. సీతమ్మధార నుంచి సిరిపురం మూడు కిలోమీటర్లు. మధురవాడ పన్నెండు పైమాటే. రోజుకు రానూపోనూ 24 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు, అంటే 528 కిలోమీటర్లు. స్కూటీ లీటరుకు 45 ఇస్తే, లీటరు 110 చొప్పున దాదాపు 1,290 రూపాయల పెట్రోలు. అదే సిరిపురానికైతే 320. అంటే మీ 1,500 ఆదాలో 970 ట్యాంకులోకే పోయింది, మిగిలింది 530. దానికోసం మీరు హనుమంతవాక సిగ్నల్ దగ్గర, ఎండాడ దిగువన, కార్‌షెడ్ జంక్షన్ దగ్గర రోజుకు అదనంగా ఒక గంట పెడతారు. నెలకు 22 గంటలు, గంటకు 24 రూపాయలు. అంతకు పని చేయమంటే మీరు ఏ క్లయింటుకైనా చేస్తారా? ఇక పీఎం పాలెం స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు హైవే మీద ఏమవుతుందో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు.

మీరు మధురవాడలోనో, కొమ్మాదిలోనో ఉండుంటే ఇదే లెక్క తిరగబడేది. రుషికొండ ఐటీ కొండల కింద ఆఫీసులు పెరిగాక అటువైపు కూడా మంచి చోట్లు వచ్చాయి. ఏరియా పేరు చూసి ఏదీ గొప్పదీ కాదు, తక్కువదీ కాదు. నా అనుభవంలో ఇరవై నిమిషాలు దాటిన సీటుకు రెండో నెల నుంచి సగం రోజులే వెళ్తాం. నెలకు 6,000 సీటు, 18 శాతం జీఎస్టీతో 7,080 అనుకోండి. 22 రోజులు వెళ్తే రోజుకు 322. పన్నెండు రోజులు వెళ్తే 590. కాగితం మీద రాసిన ధర అసలు ధర కాదు, మీరెన్ని రోజులు వెళ్లారన్నదే ధర తేలుస్తుంది.

ఇప్పుడు మీ అమెరికా కాల్స్. న్యూయార్క్ వాళ్ల ఉదయం పది గంటల మీటింగ్ మనకు వేసవిలో రాత్రి 7:30. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకుంటారు, అక్కణ్ణుంచి మార్చి రెండో ఆదివారం దాకా అదే మీటింగ్ మనకు 8:30. కాలిఫోర్నియా అయితే ఇంకో మూడు గంటలు కలుపుకోండి. చూడటానికి వెళ్లినప్పుడు అందరూ "ఎన్నింటికి తెరుస్తారు" అని అడుగుతారు. మీరు అడగాల్సింది "ఏసీ ఎన్నింటికి కట్టేస్తారు" అని. ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంటుందని బోర్డు పెట్టిన చోటే నేను రాత్రి ఏడున్నరకి చెమటలు కక్కుతూ కాల్ మాట్లాడాను. అక్కడ తలుపు 24 గంటలు తెరిచే ఉంటుంది, సెంట్రల్ ఏసీ మాత్రం ఏడింటికి బిల్డింగ్ వాళ్లు ఆపేస్తారు. కిటికీలు తెరుచుకోని అద్దాల గోడ. మే నెలలో వైజాగ్ ఉక్కపోతలో అలాంటి హాల్లో పావుగంట కూర్చోవడం ఎవరి వల్లా కాదు.

ఆడపిల్లవి కాబట్టి, పెద్దవాడిగా ఇది కూడా చెప్తాను, ఏమీ అనుకోవద్దు: చూడటానికి పగలు వెళ్లొద్దు, రాత్రి ఎనిమిదిన్నరకి వెళ్లండి. లిఫ్ట్ పనిచేస్తోందా, పార్కింగ్ సెల్లార్‌లో లైట్లున్నాయా, వాచ్‌మన్ కుర్చీలో ఉన్నాడా, వాష్‌రూమ్ అదే అంతస్తులోనా లేక కింద అంతస్తులో తాళం వేసి ఉంటుందా, ఇవన్నీ ఆ టైమ్‌లోనే తెలుస్తాయి. పగలు రిసెప్షన్‌లో కాఫీ ఇచ్చి చూపించిన చోటూ, ఇదీ ఒకటేనా అనిపిస్తుంది ఒక్కోసారి.

కరెంటు, నెట్ గురించి అందరూ ఒకటే మాట చెప్తారు, "జనరేటర్ ఉందండీ, రెండు నెట్ కనెక్షన్లు ఉన్నాయండీ." రెండూ నిజమే అయినా మీ కాల్ తెగొచ్చు. ఎలాగంటే, కరెంటు పోయాక జనరేటర్ అందుకోవడానికి పది ఇరవై సెకన్లు పడుతుంది. వైఫై పెట్టె యూపీఎస్ మీద లేకపోతే ఆ పది సెకన్లలో అది ఆరిపోతుంది, మళ్లీ లేచి నెట్ పట్టుకునేసరికి రెండు మూడు నిమిషాలు. మీ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద హాయిగా నడుస్తూనే ఉంటుంది, అవతల క్లయింటు మాత్రం "హలో, ఆర్ యూ దేర్" అంటుంటాడు. అందుకని ఒక ప్రశ్న: రౌటరూ (ఆ వైఫై పెట్టె), నెట్‌వర్క్ స్విచ్చూ యూపీఎస్ మీద ఉన్నాయా? రెండోది: జనరేటర్ మీద ఏసీలు నడుస్తాయా, లైట్లూ ప్లగ్గులేనా? చాలాచోట్ల లైట్లూ ప్లగ్గులే.

రెండు కంపెనీల నెట్ అన్నప్పుడు కూడా, ఆ రెండు కేబుళ్లూ ఒకే కరెంటు స్తంభం మీంచి వస్తున్నాయేమో బాల్కనీలోంచి ఒకసారి తొంగి చూడండి. నవ్వకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను ఇంట్లోంచే పని చేసేవాణ్ణి. కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు, ఆఖరికి సీపీయూ పెట్టెను దుప్పట్లో చుట్టుకుని రాజమండ్రిలో మా పిన్ని ఇంటికి పోయి వారం రోజులు అక్కణ్ణుంచి డ్రాయింగులు పంపాను. ఆ తుపాను తర్వాత ప్రపంచ బ్యాంకు డబ్బుతో ఊళ్లో కరెంటు తీగలు చాలాచోట్ల భూమిలోకి దిగాయి, ఇంటర్నెట్ కేబుళ్లు మాత్రం ఇంకా ఎక్కడ స్తంభం దొరికితే అక్కడ వేలాడుతూనే ఉన్నాయి. అక్టోబర్, నవంబర్‌లో వాయుగుండం అన్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఆ కేబుళ్లే.

స్పీడ్ గురించి ఎక్కువ కంగారు పడక్కర్లేదు. వీడియో కాల్‌కు నాలుగు ఎంబీపీఎస్ ఉన్నా సరిపోతుంది. కావాల్సింది తెగకపోవడం. డే పాస్ తీసుకున్న రోజు పదకొండింటికి ఒకసారి, సాయంత్రం ఆరున్నరకి ఒకసారి అప్‌లోడ్ స్పీడ్ చూడండి. డౌన్‌లోడ్ అంకె చూపించి మురిపిస్తారు, మీరు స్క్రీన్ షేర్ చేసేది అప్‌లోడ్ మీద. తర్వాత ల్యాప్‌టాప్‌లో పింగ్ (చిన్న సందేశం పంపి జవాబు వస్తోందా అని చూసే పరీక్ష) పెట్టి ఓ వంద సార్లు వదిలేయండి. ఒకటి రెండు పోతే పర్వాలేదు, ఐదారు పోతే ఆ చోట కాల్స్ మాట్లాడటం కష్టం.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా మీ నెల పాడు చేయగలిగింది ఇంకొకటుంది: పక్క కేబిన్‌లో ఎవరున్నారన్నది. నా రెండో కోవర్కింగ్‌లో అన్నీ బాగున్నాయి, కుర్చీలు కూడా మంచివి. నాలుగో నెలలో మా వెనక ఎనిమిది సీట్ల కేబిన్‌లో ప్లాట్లు అమ్మేవాళ్ల టెలికాలింగ్ టీమ్ దిగింది. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా ఎనిమిది గొంతులు, "సర్, భోగాపురం ఎయిర్‌పోర్టుకి పది నిమిషాల దూరంలో..." పల్చటి జిప్సమ్ గోడ, పైన ఫాల్స్ సీలింగ్ దాకానే ఉంది, దాని పైన అంతా ఒకటే ఖాళీ. ఒక రోజు నా క్లయింటే అడిగాడు, వాట్ ఈజ్ భోగాపురం అని. మేనేజర్‌కి చెప్తే "వాళ్లు ఎనిమిది సీట్లు సార్, మీరు రెండు" అన్నాడు. ఆ అబ్బాయి అన్నదాంట్లో తప్పు లేదు కూడా.

కాబట్టి కేబిన్ గోడలు పైకప్పు దాకా వెళ్లాయా లేదా చూడండి. ఫోన్ బూత్ ఉంటే లోపలికెళ్లి తలుపేసుకుని మాట్లాడి, బయట ఒకరిని నిలబెట్టి వినబడుతోందా అడగండి. బూత్‌లు ఎన్ని, మనుషులెంతమంది? నలభై మందికి ఒక్క బూత్ ఉంటే సాయంత్రం ఏడున్నరకి మీకు దొరకదు, ఎందుకంటే అమెరికా పని చేసేవాళ్లందరికీ కాల్ అదే టైమ్‌కి.

సముద్రం కనబడే సీటుకు ఎక్కువ తీసుకుంటారు. మీ పని రంగులతో కాబట్టి చెప్తున్నా, మన సముద్రం తూర్పున ఉంది. పొద్దున పదకొండు దాకా ఎండ నేరుగా స్క్రీన్ మీద పడుతుంది, అందుకని ఎప్పుడూ కర్టెన్ దించే ఉంటుంది. సముద్రానికి డబ్బు కట్టి కర్టెన్ చూస్తూ కూర్చున్నవాళ్లను చూశాను. ఉప్పు గాలికి బీచ్ రోడ్డు బిల్డింగుల్లో ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు తొందరగా తుప్పు పడతాయి, వేసవిలో సగం రిపేర్‌లోనే ఉంటాయి. భోజనం చోటు కూడా చూసుకోండి. పొగ బయటికి లాగే ఫ్యాన్ లేని ప్యాంట్రీలో ఎవరో నెత్తళ్ల వేపుడు క్యారేజీ మైక్రోవేవ్‌లో పెడితే నాలుగింటి దాకా హాలంతా అదే. నాకైతే ఇష్టమే, పక్క సీటు అమ్మాయి మాత్రం రెండో వారానికే సీటు మార్చుకుంది.

కోవర్కింగ్‌లో పరిచయాలు పెరుగుతాయి, పని దొరుకుతుంది అంటారు కదా. ఈ పద్ధతికి 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్ నాంది పలికింది ఒంటరిగా పనిచేసేవాళ్లకు తోడు కోసమే. నా వరకూ చెప్పాలంటే తొమ్మిదేళ్లలో ఒక్క చిన్న కాంట్రాక్టు, ఒక మంచి సీఏ దొరికారు. రెండూ లోపల కాదు, కింద టీ బండి దగ్గర. లోపల అందరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే ఉంటారు. అది ఆశించి ఎక్కువ డబ్బు కట్టొద్దు.

ఇక అడ్రస్.

మేమున్న మూడో కోవర్కింగ్ అసీల్‌మెట్ట వైపు. అక్కడి అడ్రస్ మీదే జీఎస్టీ తీసుకున్నాను. వాళ్లు ఒప్పంద పత్రం, బిల్డింగ్ ఓనర్ ఎన్ఓసీ (అభ్యంతరం లేదని రాసిచ్చే కాగితం), కరెంటు బిల్లు కాపీ అన్నీ ఇచ్చారు, ఏ ఇబ్బందీ లేదు. రెండేళ్లయ్యాక ఒకరోజు వాట్సాప్ గ్రూపులో మెసేజ్: "ఓనర్‌తో మా అగ్రిమెంట్ అయిపోతోంది, పదిహేను రోజుల్లో ఖాళీ చేయగలరు." మేము హడావిడిగా ఇంకో చోటుకు మారాం. క్లయింట్లకు చెప్పాం, బ్యాంకులో మార్చాం, కొరియర్ వాళ్లకు చెప్పాం. జీఎస్టీ పోర్టల్‌లో మార్చలేదు. అది పూర్తిగా నా తప్పు. ముఖ్య వ్యాపార స్థలం మారితే పదిహేను రోజుల్లోగా సవరణ పెట్టాలి, ఆర్‌ఈజీ-14 అనే ఫారం.

నాలుగు నెలల తర్వాత తనిఖీకి అధికారి పాత బిల్డింగ్‌కి వెళ్లారు. అక్కడ జిమ్ నడుస్తోంది. వాచ్‌మన్ చెప్పాడట, "ఆ కంపెనీ ఎప్పుడో ఎల్పోయిందండి." ఆయన చేయాల్సింది ఆయన చేశారు. పోర్టల్‌లో ఆర్‌ఈజీ-17 నోటీసు పడింది: ప్రకటించిన చోట వ్యాపారం చేయట్లేదు కాబట్టి మీ రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదో చెప్పండి అని. దాంతోపాటే రిజిస్ట్రేషన్ సస్పెండ్. జవాబుకు ఏడు పని దినాలు. నోటీసు వెళ్లిన మెయిల్ నేను ఎప్పుడో చూడటం మానేసినది. మా సీఏ ఇంకేదో పని మీద లాగిన్ అయి చూస్తే ఐదో రోజు తెలిసింది.

ఆర్‌ఈజీ-18లో జవాబు పెట్టాం. కొత్త చోటు కాగితాలు కావాలి. కొత్త కోవర్కింగ్ వాళ్లు ఒప్పందం వెంటనే ఇచ్చారు గానీ, బిల్డింగ్ ఓనర్ బెంగళూరులో ఉంటాడు, ఆయన ఎన్ఓసీ మీద సంతకం పెట్టి పంపేసరికి పదకొండు రోజులు. సస్పెన్షన్‌లో ఉండగా పన్ను ఇన్‌వాయిస్ ఇవ్వకూడదు. నెలాఖరు ఇన్‌వాయిస్ దాటిపోయింది. అమెరికా కంపెనీ చెల్లింపు తర్వాతి నెలకు పోయింది. స్టాఫ్‌కి జీతాలు ఆపలేను కదా, మా ఆవిడ గాజులు నాలుగూ బ్యాంకులో పెట్టాం. చివరికి ప్రొసీడింగ్స్ ఆపేస్తూ ఆర్డర్ వచ్చింది, రిజిస్ట్రేషన్ నిలబడింది. గాజులు విడిపించడానికి మాత్రం ఇంకో రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలలూ ఇంట్లో ఆ విషయం ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే బాగుండేదనిపించింది.

ఇది చెప్పి భయపెట్టాలని కాదు. కోవర్కింగ్ అడ్రస్ మీద జీఎస్టీ తీసుకోవడం చట్టబద్ధమే, వేలమంది తీసుకుంటున్నారు. కానీ సీటు నెలలో వదిలేయొచ్చు, అడ్రస్ అలా వదలదు. అందుకే అడ్రస్ తీసుకునే ముందు నాలుగు విషయాలు రాతపూర్వకంగా తెలుసుకోండి. బిల్డింగ్ ఓనర్‌తో వాళ్ల అసలు అగ్రిమెంట్ ఇంకా ఎన్నేళ్లుంది? ఏడాదిలోపు అయిపోయేదైతే నేను ఆ అడ్రస్ తీసుకోను. ఎన్ఓసీ ఓనర్ సంతకంతో ఇస్తారా, లేక మేనేజర్ సంతకంతోనా? రిసెప్షన్ బోర్డు మీద మన పేరు, జీఎస్టీ నంబరు పెట్టనిస్తారా? నిబంధనల ప్రకారం నంబరు ప్రవేశం దగ్గర పేరు బోర్డు మీద, సర్టిఫికెట్ కంటికి కనబడేచోట ఉండాలి. ఇక నాలుగోది, అధికారి వచ్చినప్పుడు రిసెప్షన్‌లో కూర్చున్న పిల్లకి మన పేరు తెలుసా? చిన్న విషయంలా ఉంటుంది, "ఆ పేరు ఎప్పుడూ వినలేదండి" అని ఆ అమ్మాయి అంటే అయిపోయింది.

సీటు లేకుండా అడ్రస్ మాత్రమే ఇచ్చే "వర్చువల్ ఆఫీస్" ప్యాకేజీ చవగ్గా వస్తుంది. నా మటుకు నేను వద్దంటాను. ఒకే బల్ల మీద నలభై కంపెనీలు నమోదై ఉంటే తనిఖీకి వచ్చినవాళ్లకు అనుమానం రాక ఏమవుతుంది?

మీకు ప్రత్యేకంగా ఒకటి. హైదరాబాద్‌లో ఉండగానే ఫ్రీలాన్స్ మొదలుపెట్టి అక్కడ జీఎస్టీ తీసుకున్నారా? మీ నంబరు 36తో మొదలైతే అది తెలంగాణది. దాన్ని వైజాగ్‌కి మార్చడం కుదరదు, సవరణలో రాష్ట్రం మారదు. ఇక్కడ 37తో మొదలయ్యే కొత్త నంబరు తీసుకుని, పాతది రద్దు చేయించుకోవాలి. ఈలోగా వైజాగ్ కోవర్కింగ్ వాళ్లకు ఆ పాత నంబరు ఇస్తే, వాళ్లు వేసే 18 శాతం ఆంధ్రప్రదేశ్‌లో కట్టిన పన్నుగానే లెక్కవుతుంది, అది మీకు క్రెడిట్‌గా వెనక్కి రాదు. అసలు జీఎస్టీయే తీసుకోకపోయి ఉంటే ఇంకా సులువు: సేవలకు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటేదాకా సాధారణంగా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ క్లయింట్లు విదేశీయులు కాబట్టి ఈ ఒక్క ముక్క సీఏతో మాట్లాడండి. తీసుకుంటే మాత్రం ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా విదేశాలకు సేవలు అందించడానికి ఇచ్చే హామీ పత్రం) పెట్టడం మర్చిపోకండి, అది ఆర్థిక సంవత్సరం మారినప్పుడల్లా మళ్లీ పెట్టాలి.

"అద్దె ఖర్చు చూపించి పన్ను తగ్గించుకోవచ్చు" అని కోవర్కింగ్ వాళ్లు మీకు చెప్పి ఉంటారు. ఆదాయపు పన్నులో అందరూ 44ఏడీఏ అని పిలిచే పద్ధతిలో రాబడిలో సగాన్ని లాభంగా చూపించి పన్ను కడుతుంటే, ఖర్చులన్నీ ఆ మిగతా సగంలోనే కలిసిపోయినట్టు లెక్క. సీటు అద్దె వేరుగా తగ్గించుకోవడం ఉండదు. మీ డిజైన్ పని ఆ పద్ధతి కిందికి వస్తుందో లేదో సీఏనే చెప్పాలి. వస్తే ఆ 7,080 మీ జేబులోంచి పోయే నికరమైన ఖర్చు అనుకునే లెక్క వేసుకోండి.

మీ అన్నయ్య సంగతికి వస్తే, ముగ్గురు స్టాఫ్‌లో ఇద్దరు రోజంతా ఎవరో ఒకరి డాబా మీద ఉంటారు కదా. నాలుగు సీట్ల కేబిన్‌లో ఎప్పుడూ కూర్చునేది ఒక్కరో ఇద్దరో. పైగా ఇప్పుడొచ్చే సోలార్ ప్యానెల్ ఒక్కోటి రెండు మీటర్ల పైన పొడవు, పాతిక కిలోల పైన బరువు. ఇన్వర్టర్లు, కేబుల్ చుట్టలు, ఇనుప స్టాండ్లు, వీటిని ఏ కోవర్కింగ్ లిఫ్ట్‌లో ఎక్కిస్తారు? ఆయనకు ఎలాగూ గోడౌన్ ఉండాలి, ఆ గోడౌన్‌ను జీఎస్టీలో అదనపు వ్యాపార స్థలంగా చూపించాలి. అలాంటప్పుడు గోడౌన్ ముందు చిన్న గదే ఆఫీసు చేసుకుంటే అడ్రస్ ఒకటే, అద్దె ఒకటే, తనిఖీకి వచ్చినవాళ్లకు సరుకూ బోర్డూ రెండూ కనబడతాయి. ఆటోనగర్ వైపో, కంచరపాలెం వైపో చూడమనండి. పెద్ద కస్టమర్, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లలాంటివాళ్లు, వచ్చినప్పుడు కూర్చోబెట్టడానికి మంచి గది కావాలంటే సిరిపురంలో మీటింగ్ రూమ్ గంటల లెక్కన దొరుకుతుంది. నెలకు రెండుసార్లకు కేబిన్ ఎందుకు?

సొంత గది చవక అని కూడా అనుకోవద్దు. అడ్వాన్సు, కమర్షియల్ కరెంటు, ఇన్వర్టర్, బ్రాడ్‌బ్యాండ్, ఊడ్చే మనిషి, మంచినీళ్ల టిన్నులు, బాత్రూమ్ బల్బు మాడిపోతే మార్చేది కూడా మనమే. నేను ముగ్గురు ఉన్నంత వరకూ కోవర్కింగే నయమనుకున్నాను, నలుగురయ్యాక లెక్క అటు తిరిగింది. మొదటి నెలలో నేను డ్రాయింగులు గీసినదానికంటే ప్లంబర్‌కి ఫోన్లు చేసిందే ఎక్కువ.

మీ దగ్గర సంతకం పెట్టించే కాగితం చాలావరకు అద్దె అగ్రిమెంట్ కాదు, లైసెన్స్ అగ్రిమెంట్. అంటే ఆ చోటు వాడుకోవడానికి అనుమతి మాత్రమే, అద్దెదారుకు ఉండే హక్కులు మీకుండవు. అందువల్ల అందులో రాసిందే మీకు రక్ష. లాక్-ఇన్ (మధ్యలో వదల్లేని కాలం) ఎన్ని నెలలు, నోటీసు ఎన్నాళ్లు, డిపాజిట్ ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారు, "మెయింటెనెన్స్" పేరుతో ఎంత కోస్తారు, మీటింగ్ రూమ్ గంటలు వాడకపోతే తర్వాతి నెలకు వస్తాయా, వాళ్లే చోటు ఖాళీ చేయాల్సి వస్తే మీకు ఎన్ని రోజుల ముందు చెప్తారు. ఆ చివరిది నేను చూసిన ఏ కాగితంలోనూ లేదు. పెన్నుతో రాయించి ఇద్దరూ పక్కన సంతకం పెట్టండి, మర్యాదగా అడిగితే రాస్తారు. మూడు నెలల ప్లాన్‌కి డిస్కౌంట్ అంటారు, మొదటి నెల మాత్రం నెలకే తీసుకోండి.

ఆ నెల కూడా తీసుకునే ముందు, డే పాస్ మూడు రోజులు వరసగా వద్దు. ఒక సోమవారం పొద్దున, ఒక రోజు మీ అసలు కాల్ టైమ్‌లో, ఒక శనివారం. శనివారం చాలాచోట్ల ఏసీ ఒక వైపే వేస్తారు, రిసెప్షన్‌లో ఎవరూ ఉండరు. కాల్స్ లేని రోజుల్లో నిశ్శబ్దంగా పని చేసుకోవడమే కావాలంటే ద్వారకానగర్ పౌర గ్రంథాలయం ఉంది, పోటీ పరీక్షల పిల్లల మధ్య చోటు దొరకాలంటే పొద్దున్నే వెళ్లాలి. నేను మొదటి ఏడాది చాలా డ్రాయింగులు అక్కడే గీశాను. ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఇంట్లో నింపుకుని వెళ్లడం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు సెప్టెంబర్ కాబట్టి సిరిపురం వాళ్లు మీకు ఏడున్నర కాల్‌కు ఏసీ ఉంటుందనే చెప్తారు, అది నిజమే కావచ్చు. నవంబర్ మొదటి ఆదివారం తర్వాత ఎనిమిదిన్నరకి, కాలిఫోర్నియా ఆయన కాల్ అయితే పదకొండున్నరకి కూడా ఉంటుందా అని వాట్సాప్‌లో అడగండి. ఫోన్‌లో అడగొద్దు, ఆ జవాబు మీ దగ్గర రాతలో ఉండాలి.